రొమ్ము క్యాన్సర్ : మనసుకు కూడా చికిత్స కావాలి

'క్యాన్సర్' అనే మాట ఇంట్లో అడుగుపెట్టగానే అందరికీ గుండె జారిపోతుంది. ఏ ఆసుపత్రికి వెళ్ళాలి, ఎంత ఖర్చవుతుంది, డబ్బు ఎక్కడ సర్దాలి అని మగవాళ్ళు లెక్కల్లో పడతారు. చుట్టాలు తలా ఒక మాట చెబుతారు. జబ్బు వచ్చిన ఇల్లాలు మాత్రం వంటింట్లో ఒక మూల నిలబడి, ఎప్పటిలాగే అందరికీ అన్నం వడ్డిస్తూ ఉంటుంది. ఆమె రిపోర్టులు అందరూ చూస్తారు. ఆమె మనసులో ఏముందో అడిగేవారు తక్కువ. ఈ వారం ఆ మనసు సంగతి వివరంగా తెలుసుకుందాం.

రొమ్ము క్యాన్సర్ అరుదైన జబ్బు కాదు. 2022 సంవత్సరపు అంచనాల ప్రకారం ప్రపంచంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 23 లక్షల మంది స్త్రీలకు ఈ జబ్బు బయటపడింది. మన దేశంలో ఆ సంఖ్య సుమారు 1,92,000. కాబట్టి ఈ కష్టం తమ ఒక్కరికే వచ్చిందని, తాము చేసిన ఏదో పాపానికి ఇది శిక్ష అని ఏ సోదరీ అనుకోనవసరం లేదు. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే పక్కమీద పడుకున్నా, పసిబిడ్డను ఎత్తుకున్నా ఎవరికీ సోకదు.

ముందుగా ఒక ముఖ్య విషయం

హకీంగా ఈ మాట నేనే చెప్పాలి. పాత హకీములు ఈ వ్యాధిని 'సర్తాన్' అన్నారు. అరబీలో సర్తాన్ అంటే పీత. సౌదా అనే ఖిల్త్ చెడిపోవడం వల్ల ఇది పుడుతుందని వారు రాశారు. రొమ్ములోని కణాల జన్యువుల్లో మార్పులు వచ్చి, అవి అదుపు లేకుండా పెరగడం వల్ల ఈ గడ్డ ఏర్పడుతుందని నేటి వైద్యం తేల్చింది. దీనికి ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్, హార్మోను మాత్రలు ఉన్నాయి. వీటిలో ఎవరికి ఏది అవసరమో క్యాన్సర్ డాక్టరు నిర్ణయిస్తారు.

మా మతబ్‌కు వచ్చి "కత్తి పెట్టకుండా గడ్డ కరిగే మందు ఇవ్వండి హకీం సాబ్" అని అడిగేవారు ఉన్నారు. అటువంటి మాజూన్ గానీ, సఫూఫ్ గానీ, కుష్తా గానీ లేదు. ఉందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. రొమ్ము క్యాన్సర్ బయటపడిన తర్వాత 5 ఏళ్ళు, అంతకు మించి జీవిస్తున్నవారు సంపన్న దేశాల్లో 90 శాతానికి పైగా ఉంటే, మన దేశంలో 66 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆలస్యంగా గుర్తించడం, చికిత్స సరిగా అందకపోవడం ఈ తేడాకు ముఖ్య కారణాలు. భయంతోనో, సిగ్గుతోనో పోగొట్టుకున్న ప్రతి నెలా విలువైనదే.

మరి హకీముకు ఇక్కడ పనేమిటి? ఉంది. అది మనసు దగ్గర ఉంది.

భయం, దుఃఖం శరీరంలో చేసే పని

యునానీ వైద్యంలో ఆరోగ్యానికి ఆరు మూల అవసరాలు చెప్పారు. వాటిని 'అస్బాబె సిత్తా జరూరియా' అంటారు. గాలి, ఆహార పానీయాలు, శరీర చలనం - విశ్రాంతి, మనసు చలనం - విశ్రాంతి, నిద్ర - మెలకువ, విసర్జన - నిలుపుదల. మనసు సంగతిని తిండితో, నిద్రతో సమానంగా లెక్కలో చేర్చారని గమనించండి.

ఇబ్నె సీనా (980-1037) దీన్ని ఇంకా వివరించాడు. మనిషికి కోపం వస్తే రూహ్, దానితో పాటు శరీరపు వేడి ఒక్కసారిగా బయటివైపు పరుగెడతాయి. అందుకే ముఖం ఎర్రబడుతుంది. సంతోషం కలిగితే మెల్లగా బయటికి వస్తాయి. భయం వేస్తే ఒక్కసారిగా లోపలికి పోతాయి. అందుకే చేతులు చల్లబడతాయి, ముఖం పాలిపోతుంది. దుఃఖం కలిగితే మెల్లమెల్లగా లోపలికి కుంచించుకుపోతాయి. రిపోర్టు చేతికి వచ్చిన నాడు కలిగేది భయం. ఆ తర్వాత నెలల తరబడి ఉండేది దుఃఖం. రెండూ మనిషిని లోపలికి లాగేవే. ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం ఇందువల్లనే అని ఆ కాలపు హకీములు భావించారు.

ఇబ్నె సీనాకు ముందే అబూ జైద్ అల్ బల్ఖీ (మరణం 934) అనే పండితుడు శరీరాల, మనసుల ఆరోగ్యం గురించి ఒక గ్రంథం రాశాడు. ముందుజాగ్రత్తగా ఇంట్లో మందులు దాచుకున్నట్టే, కష్టకాలంలో పనికివచ్చే మంచి ఆలోచనలను మనిషి ముందుగా మనసులో దాచుకోవాలని అందులో సలహా ఇచ్చాడు. వెయ్యేళ్ళ క్రితమే దుఃఖాన్ని, భయాన్ని చికిత్స కావలసిన విషయాలుగా చూశారన్నమాట.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. "అంతగా దిగులు పడ్డావు, అందుకే ఈ జబ్బు వచ్చింది" అని కొందరు రోగినే తప్పుపడతారు. ఇది పుండు మీద కారం చల్లడమే. దిగులు వల్ల రొమ్ము క్యాన్సర్ పుడుతుందని రుజువు కాలేదు. దిగులు చేసే హాని వేరు. అది నిద్రను, తిండిని పోగొడుతుంది. చికిత్స మధ్యలో మానుకునేలా చేస్తుంది. మనసు సంగతి చూడాలనడానికి కారణం ఇదే.

సబర్ అంటే నోరు మూసుకోవడం కాదు

మన ఇళ్ళలో పెద్ద చిక్కు దాచిపెట్టడం. గడ్డ తగిలిన స్త్రీ హయాతో భర్తకు చెప్పదు. భర్తకు తెలిస్తే అత్తమామలకు చెప్పడు. రిపోర్టు వచ్చాక కొడుకులు తల్లికే చెప్పరు, "నీళ్ళ గడ్డ" అంటారు. కూతురి పెళ్ళి సంబంధం చెడిపోతుందని చుట్టాలకు ఎవరూ చెప్పరు. ఆసుపత్రి వార్డులో పక్క మంచాల వాళ్ళను చూసి, తనకు వచ్చింది ఏమిటో ఆమెకు తెలిసిపోతుంది. అప్పుడు ఆమె కూడా తెలియనట్టు నటిస్తుంది. ఒకే ఇంట్లో నలుగురూ ఒకరి నుంచి ఒకరు దాచుకుంటూ, ఎవరి దుఃఖం వాళ్ళు మోస్తుంటారు.

ఏడిస్తే ఈమాన్ బలహీనమని కొందరు అనుకుంటారు. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) తన కుమారుడు యూసుఫ్ కోసం కళ్ళు తెల్లబడేంతగా దుఃఖించారు. ప్రవక్త ముహమ్మద్ (స) తన పసికందు ఇబ్రాహీం మరణించినప్పుడు కన్నీరు కార్చారు. వారికి సబర్ లేదని ఎవరైనా అనగలరా? చికిత్స మానకుండా, అల్లాహ్ మీద ఆశ వదలకుండా ఉండడమే సబర్. ఆ దారిలో ఏడుపు వస్తే ఏడవవచ్చు. దుఃఖం మనిషిని లోపలికి లాగుతుంది కాబట్టి దాన్ని మాటగా, కన్నీరుగా బయటికి రానివ్వాలి.

పెళ్ళి సంబంధాల విషయంలో కూడా నిజం తెలుసుకోవాలి. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి సుమారు 5 నుంచి 10 శాతం మాత్రమే. తల్లికి వచ్చినంత మాత్రాన కూతురికి వస్తుందని కాదు. కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి వచ్చినా, చిన్న వయసులో వచ్చినా డాక్టరును అడిగి కూతుళ్ళు పరీక్షలు చేయించుకోవాలి. ఈ జబ్బు పేరు చెప్పి సంబంధం వదులుకునే వారికి ఈ సంగతి చెప్పవలసిన బాధ్యత పెద్దలది.

భాష రాని చోట

మనలో చాలా కుటుంబాలు రెండు మూడు తరాల క్రితమే వలస వచ్చి స్థిరపడ్డాయి. బజారుకు సరిపడా కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ మన ఆడవాళ్ళకు వచ్చు. కానీ బేరం చేసే భాష వేరు, డాక్టరు ముందు మనసు విప్పే భాష వేరు. డాక్టరు పది మాటలు చెబితే, వెంట వెళ్ళినవారు రెండు మాటలు చెప్పి ఊరుకుంటారు. మిగతా ఎనిమిది మాటలు ఏమై ఉంటాయోనని ఆమె రాత్రంతా భయపడుతుంది.

అందుకని ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఆ భాష బాగా వచ్చిన, పెళ్ళయిన అక్కనో, వదిననో, ఖాలానో వెంట తీసుకువెళ్ళండి. బడికి వెళ్ళే పిల్లలను మధ్యవర్తులుగా వాడవద్దు. అది ఆ పసి మనసుకు మోయలేని బరువు. అడగవలసిన ప్రశ్నలు ముందురోజే తెలుగులో కాగితం మీద రాసుకోండి. జవాబులు అక్కడే రాయించుకోండి. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు ఉంటారు. మన తెలుగు వచ్చినవారు ఎవరైనా ఉన్నారా అని అడగడానికి మొహమాటపడవద్దు. అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ (1954), ముంబయిలోని టాటా మెమోరియల్ (1941), బెంగుళూరులోని కిద్వాయ్ సంస్థ (1973) వంటి చోట్లకు ఎన్నో భాషలవారు వస్తుంటారు. అడయారు ఆసుపత్రిని స్థాపించిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి తోబుట్టువును ఈ జబ్బు జాతికే పోగొట్టుకున్నారు. ఆ దుఃఖమే వేల మందికి ఆశ్రయమైంది.

చికిత్సలో మనసు తగ్గే చోట్లు

ఏ దశలో ఏం జరుగుతుందో ముందే తెలిస్తే సగం భయం పోతుంది.

రిపోర్టు కోసం ఎదురుచూసే రోజులు చాలామందికి ఆపరేషన్ కన్నా కష్టంగా గడుస్తాయి. ఆ రోజుల్లో చేతికి ఏదో ఒక పని ఉండాలి. ఇంట్లో ఒంటరిగా వదిలిపెట్టకూడదు.

ఆపరేషన్ తర్వాత స్త్రీకి తన శరీరం తనకే పరాయిదిగా అనిపిస్తుంది. గాయాన్ని చూసుకోవడానికి ఆమెకు సమయం ఇవ్వాలి. గాయం మానాక లోపలి బట్టలో పెట్టుకునే మెత్తని దూది అచ్చులు దొరుకుతాయి. కొందరికి రొమ్మును తిరిగి రూపొందించే ఆపరేషన్ కూడా వీలవుతుంది. వీటి గురించి డాక్టరును అడగడం సిగ్గుమాలినతనం కాదు.

కీమోథెరపీ మందులు చాలావాటితో మొదటి విడత అయిన రెండు మూడు వారాలకు జుట్టు రాలడం మొదలవుతుంది. బయటికి వెళితే బురఖా ఉంది, దుపట్టా ఉంది, ఎవరికీ తెలియదు అంటారు ఇంట్లోవాళ్ళు. బయటివాళ్ళకు తెలియదు నిజమే. ఇంటి అద్దానికి తెలుసు కదా! ముందుగానే జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటే ఒక్కసారిగా గుప్పెళ్ళతో రాలే బాధ కొంత తగ్గుతుంది. చికిత్స పూర్తయిన కొన్ని నెలలకు జుట్టు మళ్ళీ వస్తుంది.

కొన్ని మార్పులు మందుల వల్ల వస్తాయి. వాటిని మనసు బలహీనతగా పొరబడకూడదు. కీమోతో పాటు ఇచ్చే స్టెరాయిడ్ మందు వల్ల ఒకటి రెండు రాత్రులు నిద్ర పట్టకపోవచ్చు, చిరాకు పుట్టవచ్చు. కొందరికి మతిమరుపు వస్తుంది. నమాజులో ఎన్ని రకాతులు చేశామో గుర్తుండదు. టామాక్సిఫెన్ మాత్రల వల్ల ఒళ్ళంతా ఆవిర్లు వచ్చినట్టు, చెమటలు పట్టినట్టు ఉంటుంది. ఇవన్నీ డాక్టరుకు చెప్పాలి.

చికిత్స మొత్తం ముగిసిన రోజు ఇంట్లో అందరూ షుక్ర్ చేసుకుంటారు. అప్పుడే కొందరు స్త్రీలు ఎక్కువ దిగులు పడతారు. అన్నాళ్ళూ డాక్టర్లు, నర్సులు చుట్టూ ఉన్నారు. ఇప్పుడు ఎవరూ లేరు. జబ్బు తిరిగి వస్తుందేమోనని, ప్రతి చెకప్ ముందు వారం రోజులు నిద్ర ఉండదు. "అంతా అయిపోయింది కదా, ఇంకా ఏడుపేమిటి?" అని ఆమెను గద్దించవద్దు.

భర్త, పిల్లలు, పరామర్శకు వచ్చేవారు

ఆపరేషన్ అయిన మూడు నెలలకు ఒక ఇల్లాలు నిద్రకు మందు కావాలని మతబ్‌కు వచ్చింది. నాడి చూసి, నాలుగు మాటలు మాట్లాడించాక అసలు సంగతి తెలిసింది. భర్త వేరే గదిలో పడుకుంటున్నాడు. తనను చూసి అతనికి రోత పుట్టిందని ఆమె నమ్మకం. బయట కూర్చున్న అతన్ని పిలిచి అడిగితే, "నిద్రలో నా చేయి గాయానికి తగులుతుందేమోనని భయం, సాబ్" అన్నాడు. మూడు నెలలు ఇద్దరూ ఆ ఒక్క మాట అనుకోలేదు. ఆమెకు అప్పుడు నేను ఏ మందూ రాయలేదు.

భర్తలకు నేను చెప్పేది ఇదే. మీరు మౌనంగా ఉంటే ఆమె దాన్ని తన మనసులోని భయంతో నింపుకుంటుంది. పక్కన కూర్చోండి. చేయి పట్టుకోండి. గాయానికి కట్టు మార్చడం నేర్చుకోండి. దాంపత్యం విషయంలో సందేహాలుంటే ఇద్దరూ కలిసి డాక్టరును అడగండి. కీమో జరుగుతున్నప్పుడు గర్భం రాకుండా జాగ్రత్తపడాలని కూడా గుర్తుంచుకోండి.

పిల్లలకు వయసుకు తగ్గట్టు నిజం చెప్పాలి. "అమ్మీకి జబ్బు చేసింది, మందులకు జుట్టు రాలుతుంది, మళ్ళీ వస్తుంది, ఇది నీవల్ల రాలేదు" అంటే చిన్నపిల్లలకు చాలు.

రోగిని పరామర్శించడం సున్నత్. అయితే దానికి పద్ధతి ఉంది. కొద్దిసేపే కూర్చోవాలి. ఇదే జబ్బుతో ఎవరెవరు పోయారో లెక్కలు చెప్పకూడదు. దగ్గు, జలుబు, జ్వరం ఉన్నవారు రాకూడదు, ఎందుకంటే కీమో రోజుల్లో రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది. చేతనైతే ఒక పూట వంట చేసి పంపండి. పిల్లలను బడి నుంచి తీసుకురండి. దుఆ చేయండి. దిష్టి అని, జాదూ అని ఆమె భయాన్ని పెంచకండి.

రోగికి షరీయత్ ఇచ్చిన వెసులుబాటును కూడా గుర్తుచేయండి. నిలబడలేకపోతే కూర్చుని, చేయి సహకరించకపోతే సైగలతో నమాజు చేయవచ్చు. రంజాన్‌లో ఉపవాసాలు వదిలి తర్వాత పూర్తి చేసుకోవచ్చు. శక్తి తిరిగి రాదనుకున్నవారికి ఫిదియా ఉంది. వివరాలు ఆలింలను అడగండి. అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యాన్ని వాడుకున్నందుకు అపరాధభావం అక్కర్లేదు.

యునానీలో చేయదగినవి, చేయకూడనివి

నిద్రకు, నడకకు, తిండికి వేళలు పెట్టుకోవాలి. డాక్టరు ఒప్పుకుంటే రోజూ తెల్లవారి కాసేపు మెల్లగా నడవడం నీరసాన్ని తగ్గిస్తుంది, మనసును తేలికపరుస్తుంది. రాత్రి పడుకునే ముందు నెమ్మదిగా ఊపిరి పీలుస్తూ జిక్ర్ చేసుకోవచ్చు.

తిండి సహించనప్పుడు 'తల్బీనా' మంచిది. బార్లీ పిండిని పాలలో మెత్తగా జావ కాచడమే తల్బీనా. దుఃఖంలో ఉన్నవారికి, రోగులకు దీన్ని ఇచ్చేవారని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనంలో ఉంది. ఇది బలానికి, కడుపుకు హాయికి మాత్రమే. గడ్డకు మందు కాదు. కీమో రోజుల్లో కాచని పచ్చి తేనె డాక్టరును అడగకుండా కలపవద్దు.

గులాబీ అత్తరు, గంధం మనసుకు ఉల్లాసాన్నిచ్చే ముఫర్రిహ్ వస్తువులని మన గ్రంథాలు చెబుతాయి. కానీ కీమో తీసుకునే వారికి ఏ వాసనైనా వాంతి తెప్పించవచ్చు. ఆమెకు నచ్చితేనే వాడాలి.

లోహాలతో చేసిన కుష్తాలు, బలానికని అమ్మే మాజూన్లు, ఎక్కువ మోతాదులో కలోంజీ చికిత్స కాలంలో వాడకూడదు. కాలేయం మీద, మందుల పనితీరు మీద ప్రభావం పడవచ్చు. ఖమీరా వాడాలనుకున్నా ముందు క్యాన్సర్ డాక్టరుకు సీసా చూపించండి. కీమో రోజుల్లో హిజామా చేయించుకోవద్దు. చంకలోని గ్రంథులు తీసివేసిన వైపు చేతికి ఆ తర్వాత కూడా వద్దు. చేయి వాస్తే వెంటనే చూపించాలి.

మనసు డాక్టరు ఎప్పుడు అవసరం?

రెండు వారాలకు మించి రోజంతా దిగులుగా ఉన్నా, దేనిమీదా ఇష్టం లేకపోయినా, తిండి నిద్ర పూర్తిగా పోయినా, చికిత్సకు రానని మొండికేసినా మానసిక వైద్యుడికి చూపించాలి. బతకాలని లేదని ఒక్కసారి అన్నా తేలికగా తీసుకోవద్దు. ఆమెను ఒంటరిగా వదలకుండా అదే రోజు వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అనే ఉచిత ఫోను సేవను ప్రారంభించింది. నంబరు 14416. పగలూ రాత్రీ తెలుగుతో సహా చాలా భాషల్లో మాట్లాడవచ్చు. టామాక్సిఫెన్ వాడుతున్నవారు ఆ సంగతి మానసిక వైద్యుడికి తప్పక చెప్పాలి, ఎందుకంటే దిగులుకు ఇచ్చే కొన్ని మందులు దాని శక్తిని తగ్గిస్తాయి.

డబ్బు దిగులు కూడా మనసు దిగులే. ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాలు మీకు వర్తిస్తాయేమో ఆసుపత్రి సోషల్ వర్కరును అడగండి. క్యాన్సర్ రోగులకు, వెంట వెళ్ళేవారికి రైలు ఛార్జీల్లో రాయితీ ఉంది. అందుకు కావలసిన సర్టిఫికెట్ ఆసుపత్రిలోనే ఇస్తారు.

ఈ పత్రిక చదువుతున్న ఇంట్లో ఈ జబ్బుతో ఉన్న తల్లి, అక్క, భార్య ఎవరైనా ఉంటే, ఈ రోజు ఆమె పక్కన కూర్చుని "నీకు ఎలా ఉంది? ఏమనిపిస్తోంది?" అని అడగండి. అడిగి, మధ్యలో అడ్డుపడకుండా వినండి. రొమ్ములో గడ్డ తగిలి ఇంకా ఎవరికీ చెప్పని సోదరి ఎవరైనా ఉంటే, ఈ వారమే ఇంట్లో ఒకరికి చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రోగులందరికీ అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక, వారికి సేవ చేసే చేతులకు ఓపిక ఇచ్చుగాక. ఆమీన్.